నలిపిన తొడ

తూరజ్ రెండు రోజులుగా నీళ్లు సరిగా ముట్టలేదు. నెల లోపే కుస్తీ జట్టు ఎంపిక, ముందే బరువు తగ్గాలని రబ్బరు చొక్కా వేసుకుని పరుగెత్తాడు. నీళ్లు లేక ఎండిన ఒంట్లో కాలు చురుగ్గా తప్పుకోదు. సాధనలో ఎదుటివాడి మోకాలు వచ్చి కుడి తొడ మధ్యలో దిగింది.

ఇరాన్‌లోని మాజందరాన్‌లో మా కుస్తీశాలలో నలభై ఏళ్లుగా దెబ్బలకు పట్టు వేసేది, ఒళ్లు నలిపేది నేనే. కమిలిన రక్తాన్ని ఆ పూటే విరగ్గొట్టాలని మా నాన్న నేర్పాడు. గొర్రె తోక కొవ్వు కాచి అరగంట పిసికాను. తూరజ్ పళ్లు బిగపట్టి ఓర్చుకున్నాడు. మగాడివిరా అని మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు నవీద్ వచ్చాడు. ఫిజియోథెరపీ చదివినవాడు, శాల వాళ్లే పెట్టుకున్నారు. తొడ చూసి ఎవరు నలిపారని అడిగాడు. నేనే అన్నాను. తిట్టలేదు. మొదటి మూడు రోజులు ఐసు పెట్టాలట, మోకాలు మడిచి కట్టు కట్టాలట, వేడి తగలకూడదట.

"నలిపితే లోపలి రక్తం ఎముకై కూర్చుంటుంది, రహ్మత్ బాబాయ్."

నవ్వాను. మాంసం ఎముక కావడం ఎక్కడైనా ఉందా.

మూడు వారాలు గడిచాయి. వాపు దిగింది, లోపల గడ్డ మాత్రం రాయిలా మిగిలింది. మడమ పిర్రకు తగలాలి కదా, మోకాలు సగం మడిచేసరికి ఆగిపోయేది. నవీద్ ఎక్స్‌రే తీయించి నన్ను పిలిచి చూపించాడు. మాంసంలో తెల్లటి పొర, పాల మీద మీగడలాగా. ఇప్పుడు కుస్తీ పడితే ఆ గడ్డ చిట్లి ఎముక ఇంకా పెరుగుతుందని, ఆ మోకాలు జన్మంతా అలాగే ఉండిపోవచ్చని చెప్పాడు. ఎవరి తప్పో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ శుక్రవారమే జట్టు ఎంపిక. తూరజ్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. మళ్లీ పిలుపు రాదు. గురువు మన్సూర్, నవీద్ మాట కొట్టిపారేశాడు. నువ్వు పుస్తకంలో కుస్తీ పట్టావు, వాడు కుస్తీ పరుపు మీద పట్టేవాడు అన్నాడు. నన్ను పక్కకు పిలిచి, కొవ్వు కాచి ఇంకోసారి నలిపి బిగించి కట్టమన్నాడు. కొవ్వు అయిపోయిందని అబద్ధమాడాను.

శుక్రవారం శాల కిటకిటలాడింది. మా దగ్గర పరుపు ఎక్కేముందు పెద్దవాడి ముందు నేల తాకి సెలవు, అంటే ఎక్కేందుకు అనుమతి, అడగాలి. ఆ రోజు అక్కడ పెద్దవాణ్ని నేను. అది మర్యాదే, ఎవరూ కాదనరు. నా జన్మలో కాదనడం చూడలేదు. తూరజ్ వచ్చి వంగాడు. కుడికాలు పక్కకు చాపి వంగాడు. పై పెదవి మీద చెమట.

"సెలవు, బాబాయ్."

"లేదు."

వినబడలేదనుకుని మళ్లీ అడిగాడు. మళ్లీ లేదన్నాను. మన్సూర్ వచ్చి నా చెవి దగ్గర వంగాడు.

"ముసలోడా, పరువు తీయకు. ఒక్క మాట, సెలవను. చాలు."

లేచి నిలబడ్డాను. అందరికీ వినబడేలాగే చెప్పాను.

"దెబ్బ ఇంత ముదిరేది కాదు. వేడి కొవ్వుతో పిసికి ఎముక చేసింది నేను. ఈ కాలుతో వీణ్ని దింపను."

తూరజ్ నేల మీంచి చెయ్యి తీశాడు.

"మూడు వారాల్నించి నీ చేతులు ముద్దు పెట్టుకుంటున్నాను. ఇప్పుడా చెప్పేది?"

సెలవు లేకుండా ఎక్కితే తోటి మల్లులే వీపు తిప్పుతారు. అది వాడికీ తెలుసు. పరుపు వైపు ఒకసారి చూశాడు. ఆపైన చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. వాడి పేరు రెండుసార్లు పిలిచి మూడోసారి కొట్టేశారు.

ఇప్పుడు నా దగ్గరికి ఒళ్లు నలపమని ఎవరూ రారు. వచ్చినా దెబ్బ ఎన్నాళ్లదని ముందు అడుగుతాను. తూరజ్ నవీద్ గదిలో బోర్లా పడుకుని మోకాలు తనంతట తనే మడుస్తాడు. ఎవరూ నొక్కకూడదు. నేను గుమ్మం దగ్గర కూర్చుంటాను. నాతో మాట్లాడడు. నెల క్రితం మడమ పిర్రకు జానెడు దూరంలో ఆగేది.

నిన్న బెత్తెడు.