దానంతటదే పెరిగే సౌండు

ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున ఎనిమిదింటికల్లా అల్లుడు కారు బయటికి తీసేవాడు. అత్తగారు వెనక సీట్లో కూర్చుని, నొప్పి మోకాలిని రెండు చేతులతో లోపలికి ఎత్తి పెట్టుకుని, "పద నాయనా" అనేది. మోకాలికి వ్యాయామం చేయించే క్లినిక్కుకు ఆమెను తీసుకెళ్లి, గంట తర్వాత ఇంటికి చేర్చి, అతను కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లేవాడు. అద్దాలు సానబట్టడం అతని పని. ఇద్దరూ మితభాషులే. దారి పొడుగునా స్టీరియోలో పాటలు మోగుతుంటే, మాట్లాడుకోవాల్సిన అవసరం తప్పేది. ముందు పక్క సీటు ఖాళీ. అందులో కూర్చునే మనిషి, అతని భార్య, ఈమె కూతురు, పోయి ఏడాదిన్నర అయింది.

ఆ స్టీరియో సౌండు ఈ మధ్య దానంతటదే తగ్గుతోంది, దానంతటదే పెరుగుతోంది. కొన్నాళ్లు ఓపిక పట్టాడు. ఒకరోజు పోస్టాఫీసు వెనక వీధిలో ఒక్కసారిగా హోరెత్తిపోతే, పక్కన స్కూటర్ మీద పోతున్న పెద్దాయన బండి ఆపి మరీ తిట్టాడు. ఇక లాభం లేదని సెట్ల అక్క దగ్గరికి పట్టుకెళ్లాడు.

సెట్ల అక్కది యాభై దాటిన వయసు. కారు స్టీరియోలు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆమె తర్వాతే ఎవరైనా. దుకాణం ఇరుకు. గోడ నిండా వైర్ల చుట్టలు, బల్ల మీద విప్పిన సెట్లు.

"నువ్వు ముట్టుకోకుండానే మారుతుందా?" అని అడిగింది.

"చెయ్యి కూడా పెట్టనక్కా."

"చాలా బళ్లకు ఇదే రోగం, తమ్ముడూ. వేగం పెరిగితే సౌండు పెంచి, వేగం తగ్గితే తగ్గించే ఏర్పాటు ఒకటుంటుంది లోపల. చిటికెలో పని." అంటూ రెండు మీటలు నొక్కి దాన్ని ఆపేసింది.

శుక్రవారం అతను మళ్లీ వచ్చాడు. ఈసారి సౌండు తిప్పే నాబ్ ఊడదీసి కింద చేరిన దుమ్మంతా తుడిచింది. "దుమ్ము పట్టిన నాబ్, కల్లు తాగిన మనిషి ఒకటే. ఒక మాట మీద నిలబడరు" అంది. ఆ తర్వాతి వారం స్టీరింగు మీది మీటలకు వెళ్లే వైరు ఒకచోట ఒరుసుకుపోయిందని కొత్తది వేసింది. అయినా అదే వరస. చివరికి సెట్టంతా పీకి, తన దగ్గరున్న వేరే సెట్టు బిగించింది. దానికి అసలు నాబే లేదు, మీటలే.

"దీంతో కూడా మారితే నా బోర్డు దించేస్తాను, చూడు."

మంగళవారం దాని తెర మీద అంకె ఇరవై నుంచి గబగబా తొమ్మిదికి దిగింది. ఇంకో వీధిలో ముప్పైకి ఎక్కింది.

సెట్ల అక్క బోర్డు దించలేదు గానీ, చాలాసేపు గడ్డం గోక్కుంది. "రోగిని పడుకోబెట్టి లాభం లేదు, నడిపించి చూడాలి. శుక్రవారం నేనూ వస్తాను" అంది.

శుక్రవారం క్లినిక్కు పని అయ్యే వేళకు అక్కడికి వచ్చింది. ముందు పక్క తలుపు తీసి, అత్తగారి ముఖం చూసి ఆగింది.

"ఇక్కడెవరైనా కూర్చుంటారా పెద్దమ్మా?"

"మా అమ్మాయి."

సెట్ల అక్క తలుపు మెల్లగా వేసి, వెనక అత్తగారి పక్కన కూర్చుంది. కారు కదిలింది. పాట మామూలుగానే మోగుతోంది. అత్తగారు ఏదో చెప్పబోయి గొంతు సవరించుకునేసరికి తెర మీద అంకె దిగిపోయింది.

"తగ్గించేది మా అమ్మాయేనమ్మా" అంది అత్తగారు, చినుకులు పడుతున్నాయన్నంత మామూలుగా. "నా గొంతు చిన్నది కదా. నేను నోరు తెరిస్తే చాలు, తగ్గించేది."

"అలాగా. మరి వైర్లతో నాకేం పని! ముందే చెబితే ఇన్ని విప్పేదాన్ని కాదు" అంది సెట్ల అక్క. మళ్లీ తనే అడిగింది. "పెంచేది కూడా ఆ అమ్మాయేనా?"

అత్తగారికి తెలియదు. అల్లుడు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "తనే."

"ఎందుకు పెంచుతుంది?"

"ఏడుపొచ్చినప్పుడు. జబ్బుపడ్డాక ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి సౌండు పెంచేది. నాకు వినపడకూడదని."

ఈ సంగతి అత్తగారు ఎప్పుడూ వినలేదు. ఒళ్లోని సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

"ఏ వీధిలో పెరుగుతోంది తమ్ముడూ?"

"పోస్టాఫీసు వెనక వీధిలో. అత్తయ్య అటు తిప్పి తీసుకెళ్లమంటారు."

"ఇవాళ వద్దులే నాయనా, తిన్నగా పోనీ" అంది అత్తగారు గబుక్కున.

ఆమె గొంతులో కంగారు విని అతను అటే తిప్పాడు. వీధి సగానికి వచ్చేసరికి పాట హోరెత్తింది. తలుపుల రేకులు అదిరిపోతున్నాయి. పచ్చ గేటున్న మేడ ముందు అతను బండి ఆపాడు. గేటు పక్కన 'వృద్ధ మహిళల వసతి గృహం' అని బోర్డు. ఎన్నోసార్లు ఈ దారిన వచ్చాడు గానీ, తల తిప్పి దాన్ని చదివింది లేదు.

"అత్తయ్యా, ఇక్కడ మీకేం పని?" అని అరిచాడు. ఆ హోరులో అరవక తప్పలేదు.

అత్తగారు నోరు తెరిచింది. పాట సన్నబడింది.

"వచ్చే నెల నుంచి గది ఇస్తామన్నారు. వస్తానని ఫోనులో మాటిచ్చాను. నీకింకా నలభై రాలేదు నాయనా. నేనుంటే నీకు మళ్లీ పెళ్లి కాదని మీ అక్క అన్నదాంట్లో తప్పేముంది? పిల్లే పోయాక ఆ ఇంట్లో నేను పానకంలో పుడకను. నన్ను చూసి ఏ పిల్ల ఆ గడప తొక్కుతుంది?"

"మా అక్క అందా ఆ మాట? మీరు నాతో ఒక్క ముక్కయినా అనలేదే!"

"అంటే వద్దంటావని."

అతను ఖాళీ సీటు వైపు తల తిప్పాడు. సెట్ల అక్క దిగిపోదామని తలుపు పిడి మీద చెయ్యి వేసింది, మళ్లీ ఎందుకో తీసేసింది.

"తను పక్కనే కూర్చుని ఏడుస్తుంటే నేను రోడ్డు చూస్తూ బండి నడిపాను అత్తయ్యా" అన్నాడు అల్లుడు. "వినపడనట్టే ఉన్నాను. ఏమని ఓదార్చాలో తెలియక. ఎన్ని రోజులో లెక్కలేదు. మీరు ఈ గేటు లోపలికి పోతుంటే కూడా అలాగే చూస్తూ కూర్చోమంటారా?"

అత్తగారు ఖాళీ సీటు వీపు మీద చెయ్యి వేసి, పసిపిల్లను జోకొట్టినట్టు రెండు మూడుసార్లు తట్టింది. "ఊరుకో తల్లీ, ఊరుకో" అంది. తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని తలుపు తీసింది.

"ఎక్కడికి?"

"మాటిచ్చింది నేను. రానని చెప్పాల్సింది కూడా నేనే. చెయ్యి పట్టుకో, ఈ మెట్లు నా వల్ల కాదు."

లోపల ఆఫీసు గదిలో కళ్లజోడు పెట్టుకున్న మేనేజరమ్మ రిజిస్టరు తిప్పి పేరు కొట్టేసింది. "పోనీలెండి, ఇంకొకావిడ రెండు నెలల నుంచి అడుగుతోంది. ఆమెకిస్తాం" అంది. "మీకు ఇతనేమవుతాడు, కొడుకా?" అత్తగారు అవునని గానీ కాదని గానీ అనకుండా, "వీడి బండిలోనే వచ్చాను" అంది.

సెట్ల అక్కను దుకాణం దగ్గర దించారు. పాత సెట్టు మళ్లీ బిగించి, ఇక దీని జోలికి పోవద్దని చెప్పింది.

ఆ సాయంత్రం అతని అక్క ఫోన్ చేసింది. అత్తగారే తీసింది.

"లేదమ్మాయీ, ఆ గది వేరే ఆవిడకు పోయింది. నేనెక్కడికీ వెళ్లడం లేదు. నువ్వు సంబంధాలు చూడు, కాదన్నదెవరు? నేనూ చూస్తాను. కాకపోతే ముందే చెప్పు, ఈ ఇంట్లో ఒక ముసలమ్మ ఉంటుందని, మోకాలు నొప్పని, మంగళ శుక్రవారాలు పొద్దున బండి ఆవిడకే కావాలని. అది విని కూడా వస్తానన్న పిల్ల అయితేనే మాట్లాడదాం."

వంటింట్లో గిన్నెలు తోముతున్న అల్లుడు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. భార్య పోయిన రోజు కూడా ఏడవనివాడు, గోడకు ఆనుకుని బావురుమన్నాడు. అత్తగారు ఫోన్ పెట్టేసి, గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చి, వంగని మోకాలిని చాపుకుని అతని పక్కన కూర్చుంది. అతని ఏడుపు పూర్తయ్యేదాకా లేవలేదు.