మంచం పట్టిన మధ్యాహ్నం

కోడలు మీటింగులో ఉన్నంతసేపూ ఆ ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు. అందుకని సంపూర్ణమ్మ పెరట్లో ఓ మూల నాచు పట్టి పడున్న రుబ్బురోలును పీచుతో తోమి కడిగి మళ్ళీ వాడకంలోకి తెచ్చింది. కుక్కరు విజిల్ కూడా వినపడకూడదు గనక అన్నం గిన్నెలో వండి గంజి వార్చడం మొదలుపెట్టింది. దానికి గ్యాసు ఎక్కువ అవుతోందని మొగుడు గంగరాజు సణిగాడు. "సిలిండరు ధర చూశావా? పెరట్లో కొబ్బరి మట్టలున్నాయిగా, పొయ్యి రాజేసుకో" అన్నాడు. రాజేసుకుంది. డెబ్బైకి దగ్గర పడుతున్న వయసులో పొగకు కళ్ళు తుడుచుకుంటూ, కోడలి ఉద్యోగం కంప్యూటరుదైతే అయింది గాని తన వంటిల్లు మాత్రం నలభై ఏళ్ళు వెనక్కి పోయిందనుకుంది. ఆ మాట పైకి అనలేదు. అంటే వినేదెవరు?

కోడలు సాయిదుర్గ హైదరాబాదులోని ఓ కంపెనీకి ఈ ఇంట్లోంచే పని చేస్తుంది. పెళ్ళయి రెండేళ్ళు. రొయ్యల మేత బస్తాలు వేసే గదిలో ఓ పక్కన బల్ల వేసిచ్చారు. ఆ మేత వాసన పిల్ల జుట్టుకు కూడా పట్టేసింది. అవతలి వాళ్ళకు బస్తాలు కనపడకుండా తెర మీద వెనకంతా మసక చేసుకుంటుంది. "ఇంట్లోనే ఉంది కదా" అన్నది ఆ ఇంటి మగవాళ్ళ ఊతపదం. ఇంట్లోనే ఉంది కదా, గ్యాసు బండి వస్తే తీసుకుంటుందిలే. ఇంట్లోనే ఉంది కదా, చెరువు మీద మనుషులకు మజ్జిగ కలిపిస్తుందిలే. చెవుల్లో తీగలతోనే "ఒక్క నిమిషం సార్" అంటూ ఆ పిల్ల పరుగెత్తుకొచ్చేది. "నువ్వెళ్ళమ్మా, నేను చూస్తాగా" అని సంపూర్ణమ్మ ఎదురెళ్ళేది. ఇద్దరికీ రోజు ఎలా తెల్లారిందో ఎలా చీకటి పడిందో తెలిసేది కాదు.

సంపూర్ణమ్మకు ఒక జబ్బుంది, మందు లేనిది. సాయంత్రం దీపం పెట్టగానే గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుంటుంది. ఒకప్పుడు చెల్లెలు సూర్యకళ ఇళ్ళల్లో పనికని కువైట్ వెళ్ళింది. నరసాపురం బస్టాండులో బస్సెక్కుతూ, "రెండేళ్ళేనక్కా, ఇట్టే అయిపోతాయి" అని నవ్వింది. కొన్నాళ్ళు ఫోన్లొచ్చాయి. తర్వాత అవీ లేవు, మనిషీ తిరిగి రాలేదు. ఆ తర్వాత నుంచి మొగుడు పాలకొల్లు వెళ్ళి కాస్త ఆలస్యమైనా ఆవిడకు కాళ్ళు నిలవవు. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ ఉంటే గాని నోట్లోకి ముద్ద దిగదు. కోడలి నీలం చెప్పులు మాత్రం ఏనాడూ ఆవిణ్ణి భయపెట్టలేదు. ఎప్పుడు చూసినా ఉన్నచోటే ఉండేవి.

అలాంటిది, ఇకనుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలనీ, రాలేనివాళ్ళు మానేయవచ్చనీ కంపెనీ కబురు పెట్టింది.

"అక్కడ హాస్టలుకెంత, తిండికెంత, రానూపోనూ రైలుకెంత?" అన్నాడు కొడుకు ప్రసన్నకుమార్, అన్నం ముందు కూర్చుని. భీమవరంలో మేత డీలరు దగ్గర పని అతనిది. తండ్రితో కలిసి చెరువూ చేస్తాడు. చెడ్డవాడు కాదు. వైరస్ వచ్చి పోయినసారి పంట చేతికందలేదు. "మేత రేటు పెరిగింది, నూనె రేటు పెరిగింది, కరెంటు పెరిగింది. పెరగనిది రొయ్య రేటొక్కటే. ఇప్పుడు దుర్గ జీతం కూడా సగం అక్కడే పోతే ఎలాగ నాన్నా? ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్ళుంటే మాత్రం మినహాయింపు ఇస్తారంట."

గంగరాజు అన్నం కలుపుతూ కలుపుతూ పెళ్ళాం వైపు చూశాడు. "ఉందిగా మీ అమ్మ."

ఆ సమయానికి సంపూర్ణమ్మ చేతుల్లో చారు గిన్నె ఉంది.

"అబద్ధమెందుకండీ?" అంది సాయిదుర్గ.

"నువ్వేం చెప్పక్కర్లేదులే, మెయిల్ నేను పెడతా. వీడియోలో ఓసారి చూస్తారంతే. పది నిమిషాలు పడుకోవడానికేంటమ్మా? నీకూ కాస్త రెస్టు" అని నవ్వాడు ప్రసన్నకుమార్. సంపూర్ణమ్మ కూడా నవ్వేసింది. పిల్ల ఎక్కడికీ వెళ్ళదన్నమాట. గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది.

పెళ్ళయ్యాక వారపత్రికల్లో సీరియళ్ళు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆవిడ. మర్నాడు పేపర్లో ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసు మంచిదా అని అరపేజీ వేస్తే వేలు పెట్టుకుని మొత్తం చదివింది. ఆఫీసులో అయితే క్రమశిక్షణ ఉంటుందని కొందరు, ఇంట్లో అయితే అద్దె మిగులుతుందని కొందరు. అటువాళ్ళు గాని ఇటువాళ్ళు గాని మిక్సీ మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం సాయిదుర్గ పెరట్లోకొచ్చింది. "మీరు లేవండత్తయ్యా, నేను రుబ్బుతా."

"ముందు నేనడిగింది చెప్పు. నీకు వెళ్ళాలనుందా?"

ఆ పిల్ల రోటి అంచున అంటిన పిండిని వేలితో లోపలికి తోస్తూ, "పెళ్ళికి ముందు అక్కడ నాకో కుర్చీ ఉండేదండి" అంది. "లేచి ఎటెళ్ళొచ్చినా అది నాదే. బాక్సులు తీసుకుని నలుగురం కిందికెళ్ళి తినేవాళ్ళం. మంచినీళ్ళిమ్మని ఎవరూ నన్నడిగేవాళ్ళు కాదు."

"మరి మావాడితో చెప్పకపోయావా?"

"చెప్పానండి. ఇంట్లో కూర్చుని సంపాదించే అదృష్టం ఎంతమందికుంటుంది అన్నారు."

ఆ సాయంత్రం దీపం పెట్టి చెప్పులు చూసుకుంటూ సంపూర్ణమ్మ వంగింది. నీలం చెప్పుల పట్టీల మధ్య సాలీడు సన్నగా గూడల్లుకుని ఉంది. ఇన్నాళ్ళూ ధైర్యంగా చూసుకున్నది దీన్నా? ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. అయినా ఎవరితోనూ ఏమీ అనలేదు. పంపిస్తే ఈ పిల్ల కూడా తిరిగి రాకపోతే?

వీడియో రోజు నడిమి గదిలో మంచం వేశారు. స్టూలు మీద మాత్రలు, తల మీద తడిగుడ్డ. రోటి పనికి కాయలు కాసిన చేతుల్ని దుప్పటి కింద పెట్టుకోమన్నాడు కొడుకు. కంపెనీ తరఫున ఫోన్లో కనిపించిన అమ్మాయి పేరు రూబీ. "నమస్తే అమ్మా, ఎలా ఉంది ఒంట్లో?" అంది మెత్తగా.

"మాట కూడా సరిగ్గా రాదు మేడమ్" అన్నాడు ప్రసన్నకుమార్. "లేపాలి, కూర్చోబెట్టాలి, తినిపించాలి. అన్నీ మా దుర్గే చూసుకోవాలి."

సంపూర్ణమ్మ వింటోంది. తనకెవరైనా తినిపించి ఎన్నేళ్ళయింది? అబద్ధమని తెలిసీ ఆ మాట చెవికి ఎంత హాయిగా ఉందో. కళ్ళు మూసుకుంది.

అప్పుడు అరుగు మీద నుంచి గంగరాజు కేక వినిపించింది. "ఏమేవ్! టీ ఏదీ?"

ఆవిడకు ఆలోచన వచ్చేలోపే దుప్పటి పక్కకు పోయింది. తడిగుడ్డ జారింది. ఒక కాలు నేల మీద ఉంది. నలభై అయిదేళ్ళ అలవాటు మరి. ప్రసన్నకుమార్ కొయ్యబారిపోయాడు. తలుపు పక్కన సాయిదుర్గ చేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియదు.

"అమ్మగారు లేవగలరాండీ?" అంది రూబీ.

"అదీ... అప్పుడప్పుడూ..."

ఇప్పుడు వెనక్కి వాలి ఒక్క మూలుగు మూలిగితే చాలు. నీలం చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి. ఈ పిల్లను ఎటూ పోనివ్వకుండా పట్టుకుని ఉండిపోవచ్చు. సంపూర్ణమ్మ దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

"లేవగలనమ్మా. పొద్దున్నుంచీ లేచే ఉన్నాను. ఈ ఇంటి వంట నాదే. మెయిలు పెట్టింది మావాడు, ఆ పిల్ల వద్దనే అంది. దాన్నేమీ అనకండి. ఎప్పుడు రావాలో చెప్పండి, పంపిస్తాను."

"సోమవారం నుంచమ్మా" అంది రూబీ. "ఎవరో టీ కోసం పిలుస్తున్నట్టున్నారు."

"పిలవనీండమ్మా."

ఫోను కట్టేశాక ప్రసన్నకుమార్ గొంతు లేచింది. "పరువు తీశావు కదమ్మా! అది వెళ్తే ఇంటెడు చాకిరీ నువ్వొక్కదానివే చెయ్యాలి, తెలుసా?"

"ఇప్పుడెవరు చేస్తున్నార్రా?"

గంగరాజు లోపలికొచ్చాడు. "టీ అంటే పలకవేంటే?"

"మంచం పట్టానన్నారుగా" అని సంపూర్ణమ్మ తిరిగి నడుం వాల్చింది. "పాలు గట్టు మీదున్నాయి. ఇవాళ్టికి మీరే పెట్టుకోండి."

ఆదివారం భీమవరంలో రైలెక్కించడానికి ప్రసన్నకుమార్ ముభావంగానే బండి తీశాడు. "వెళ్ళొస్తానత్తయ్యా. గురువారానికల్లా ఇక్కడుంటా" అని సాయిదుర్గ నవ్వింది. సూర్యకళ కూడా ఇలాగే నవ్వింది. సంపూర్ణమ్మ బండి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది.

దీపం పెట్టి గుమ్మం దగ్గరకొచ్చి చూసుకుంది. నీలం చెప్పులున్న చోట దుమ్ములో రెండు చెప్పుల అచ్చులు శుభ్రంగా మిగిలాయి. వాటిని ఊడవలేదు. లోపలికొచ్చి కంచం పెట్టుకుంది. మొదటి ముద్ద గొంతులోనే ఆగింది. మంచినీళ్ళు తాగి రెండోది కలుపుకుంది.