పోలీసులకు పెట్టిన పూతరేకులు

మా నాన్నని మా మనవరాలు చంపేస్తానంది. సినిమాలోనే అనుకోండి, అయినా నా ప్రాణం ఒప్పలేదు.

మాది ఆత్రేయపురం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, ఎర్రజెండా పట్టినవాళ్ల కోసం పోలీసులు ఊళ్లు గాలించే రోజుల్లో, మా నాన్న గోదావరి లంకల్లో దాక్కుని పోరాడేవాడు. ఒకనాడు ఆయన ఇంటికొచ్చిన గడియలోనే పోలీసులూ వచ్చేశారు. నాన్న అటక మీద, అమ్మ పూతరేకుల కుండ ముందు. రేకులు తీస్తున్న అమ్మ తడబడకుండా వాళ్లకి పీటలు వేసి పూతరేకులు పెట్టింది. వాళ్లు తిని చేతులు కడుక్కునేలోగా నాన్న పెరటి దారిన కాలవ దాటేశాడు.

మా మనవరాలు లక్ష్మీతులసి సినిమాగా తీస్తున్నది ఈ కథే. కానీ ఆఖర్న ఆయన్ని వాకిట్లో కాల్చేస్తారట.

"ఆయన చావలేదే తులసీ. మీ అమ్మ పెళ్లిలో బూరెలు మళ్లీ మళ్లీ అడిగి తిన్నాడు."

"నిజమే అమ్మమ్మా. కానీ పోలీసులు పూతరేకులు తింటూ కూర్చున్నారంటే ఎవరు నమ్ముతారు? సినిమాలో రేకులు తీసేది హీరో పెళ్లాం కాదు, తల్లి. ఆ తల్లివి నువ్వే. కుండ ముందు కూర్చో, తల ఎత్తకు, మాట్లాడకు."

పిల్ల ఏడాదిగా కష్టపడుతోందని సరేనన్నాను.

ఇనస్పెక్టరు వేషం సత్తిబాబుది. మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం అతనికి. నాన్న వేషం బడి మాస్టారు రాజ్ కుమార్‌ది. కాల్చగానే చితకడానికి ఆయన చొక్కా లోపల ఎర్రరంగు సంచి కట్టారు.

మా ఇంట్లోనే కెమెరా తిరిగింది. సత్తిబాబు ఇద్దరు కానిస్టేబుళ్లతో గుమ్మంలోకొచ్చి, "ఎక్కడున్నాడు నీ కొడుకు?" అని గద్దించాడు. తల వంచుకునే ఉన్నాను. కానీ మొహమంతా చెమటలు కారుతున్న మనిషిని గుమ్మంలో నిలబెట్టడం నాకు చేతకాదు.

"ఎండనపడి వచ్చేరు. కూర్చోండి బాబూ, రెండు రేకులు నోట్లో వేసుకోండి."

ఈ మాట సినిమాలో ఉందో లేదో సత్తిబాబుకి తెలియలేదు. పెద్దదాన్ని పెడుతుంటే కాదనడం ఎలా?

"ఆయ్, పెట్టండి పిన్నిగారూ," అని చెక్క తుపాకీ గోడకి చేరేశాడు. కానిస్టేబుళ్లూ కూర్చున్నారు.

పూతరేకు గబగబా తినేది కాదు. ఊపిరి తగిలితే పొరలు ఎగురుతాయి. ఒక చేత్తో తింటూ రెండో చెయ్యి కింద పట్టాలి. రెండు చేతులకీ నెయ్యే.

"ఇంట్లో కాచిన నెయ్యేనాండీ?"

"కాక మరి? ఇంకోటి వెయ్యనా?"

"వద్దండి. సరే, ఒక్కటి."

అటక మీద దాక్కున్న మాస్టారు తన చావు కోసం చూసి చూసి కిందికి తొంగి చూశారు. నిచ్చెన దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, పోలీసుల వెనక నుంచి పెరట్లోకి నడిచారు. సత్తిబాబు చూసి తుపాకీ అందుకోబోతే, అది నేతి చేతిలోంచి జారి కిందపడింది.

"మాస్టారూ, ఆగండి, మిమ్మల్ని చంపాలి కదండీ."

"ముందు చెయ్యి కడుక్కో," అన్నాను.

కాలవలో బుడుంగుమని చప్పుడైంది.

పిల్ల కష్టమంతా పాడుచేశానని భయపడుతూ తులసి వైపు చూశాను. అది కెమెరా మీంచి కన్ను తియ్యలేదు. నవ్వాపుకోలేక భుజాలు ఊగుతున్నాయి.

"అమ్మమ్మా, నిజంగా ఇలాగే జరిగిందా?"

"మీ ముత్తాత చెప్పులు వదిలేసి పోయాడు. అదొక్కటే తేడా."

తులసి తన సినిమా కాగితాల్లో నాన్నని కాల్చేసే ఆఖరిది తీసి నా పొయ్యిలో పెట్టేసింది. అంతలో మాస్టారు నీళ్లోడుతూ, చితకని రంగు సంచితో అరుగెక్కారు.

"నాకేమైనా మిగిల్చేరాండీ?"

ఆయనకీ పీట వేశాను.