అవతలి గట్టున తొలి చాలు

ఇరవై ఆరో బోను సీసా విప్పి, అరచేతిలో బోర్లించి రెండు దెబ్బలు తట్టిందామె. ఏమీ రాలలేదు. సీసాను మళ్ళీ బిగించి, నడుముకు కట్టుకున్న చిన్న పుస్తకంలో సున్న చుట్టి, మోకాళ్ళ దాకా దిగిన బురదలోంచి కాలు పెరుక్కుని ఇరవై ఏడో బోను వైపు నడిచింది.

పొద్దు పొడిచి గంటయింది. రెల్లు ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. రెల్లు కోసిన గీతలతో పిక్కలు పాత పలకల్లా ఉంటాయి. ఎడమ చేతిలో డబ్బా, అందులో పులిసిన ఆవు పంచకం. నీలం గుడ్డ, నల్ల గుడ్డ కలిపి గుడారంలా కుట్టి, పైన దోమతెర గొట్టం పెట్టి, ఆ గొట్టం మూతికి సీసా బిగిస్తే అది బోను. దాని అడుగున చిప్పలో కాస్త పంచకం పోయాలి. ఆ వాసనకు ఈగ పరుగెత్తుకొస్తుంది, మనుషులు పరుగెత్తిపోతారు. "బస్సులో నాకెప్పుడూ రెండు సీట్లు" అంటుంది తను. పశువుల ఆఫీసు కాగితాల్లో ఆమె 'క్షేత్ర సహాయకురాలు'. తక్కిన లోకానికి ఈగలక్క.

ఆమె పట్టేది ఇళ్ళలో ముసిరే ఈగను కాదు. చిత్తడి నేలలో, పొదల నీడన బతికే ఈగ అది. అందుకే నీడ ఈగ అన్నారు. మనిషిని కుడితే దద్దురు లేస్తుంది, అంతటితో సరి. ఎద్దును కుడితే మాత్రం నెత్తుట్లోకి ఏదో దిగుతుంది. నెల తిరిగేసరికి కళ్ళ వెంట నీరు కారి, ఎముకల గూడై, నిలబడ్డ చోటే కూలిపోతుంది.

ఆ చిత్తడికి ఇవతల మైదానం. అవతల కొండల కింద అంతే నల్లమట్టి, అంతే వాన. ఇవతల ఎప్పటి నుంచో ఎడ్లున్నాయి. ఎడ్లుంటే నాగలి, నాగలి వెంట గాదె, గాదె నిండాక బండి, బండి వెంట సంత, బడి, ఆసుపత్రి, ఆఫీసు. అవతల పార ఒక్కటే. ఇంటిల్లిపాదీ నడుం వంచి తవ్వితే ఏడాదికి ఆ ఇంటికి సరిపడా పండేది. పండని ఏడు అదీ లేదు. నడుమ రెండు మైళ్ళ నీడ. ఆ నీడ దాటి ఏ పశువూ బతికి వెళ్ళలేదు. ఇవతలి వాళ్ళకు అది కనబడేది కాదు, తవ్వుకునే మనుషులే కనబడేవాళ్ళు. "అవతలోళ్ళు ఒట్టి బద్ధకస్తులు, దున్నడం కూడా రాదు" అనుకునేవాళ్ళు. సంతలో ఉప్పు కొన్నంత తేలిగ్గా ఆ మాట చేతులు మారేది.

ఆమె పుట్టింది అవతల. ఇవతలి వర్తకులు మొదటిసారి ఉప్పు మూటలతో వచ్చినప్పుడు, గుంపుల్లో పెరిగి గుంపుల్లోనే తిరిగే తట్టు జ్వరం కూడా వాళ్ళ వెంట వచ్చింది. వాళ్ళకది చిన్నప్పుడే వచ్చిపోయే జబ్బు, అవతలి వాళ్ళకు కొత్త. ఆ వారంలో ఆమె అన్నలిద్దరూ పోయారు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఎక్కడెక్కడో కూలి చేసి ఒక ఎడ్ల జతను తోలుకొచ్చాడు. ఊరంతా చూడ్డానికి వచ్చారు. ముప్ఫయ్యో రోజున ఒకటి, ముప్ఫై నాలుగో రోజున రెండోది పడిపోయాయి. నాన్న కాడిని విరగ్గొట్టలేదు, ఏడవలేదు. మర్నాడు పార తీసుకుని, ఆపిన చోటు నుంచే తవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత పదకొండేళ్ళు బతికినా ఎద్దు అన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదెవరూ.

ముప్ఫయ్యో బోను, సున్న. ముప్ఫై ఒకటి, సున్న.

ఇరవై ఆరేళ్ళ కిందట ఇవతలి పశువుల ఆఫీసు పొదలు కొట్టడానికి కూలీలను పిలిచింది. తమ మందలు కాపాడుకోవడానికే పిలిచింది, అవతలి వాళ్ళ కోసం కాదు. ఎనిమిది బోన్లు ఇచ్చి ఇవతలి అంచున పెట్టమన్నారు. ఆ రోజుల్లో సీసా విప్పితే గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలేవి. ఓ ముసలి డాక్టరు ఆమెకు చెప్పాడు: ఈ ఈగ గుడ్లు పెట్టదమ్మా, ఒక్కోసారి ఒక్కదాన్నే కంటుంది, బతికినన్నాళ్ళూ పదింటిని కంటే గొప్ప. ఆమె లెక్క వేసుకుంది. "మా అమ్మ పదకొండుమందిని కన్నది. దాన్ని గెలిచిన జాతి మాది" అంది.

ఆ రోజు నుంచి ఆమె బోన్లను ముందుకు జరపడం మొదలుపెట్టింది. ఏటా రెండేసి, ఒక్కో ఏడు మూడేసి కొత్తవి కుట్టించి, పొదలు నరికి, అవతలి గట్టు వైపుకు. గుడ్డ ముక్కలు తెచ్చేదీ కుట్టేదీ ఆమె మొగుడు. ఆయన దర్జీ, ఇవతలి రైతుబిడ్డ. ఆమెను చేసుకున్నాడని అన్నదమ్ములు పొలంలో చెక్క కూడా ఇవ్వలేదు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ అడిగేవాడు, "ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారు?" అని. "ఈగ చెప్పింది సార్" అనేది. కొందరు నవ్వారు, కొందరు సంజాయిషీ రాయించుకున్నారు. సంజాయిషీలోనూ అదే రాసింది.

ఇప్పుడు అరవై నాలుగు బోన్లు. పద్నాలుగు నెలలుగా అన్ని సీసాల్లోనూ సున్న.

ఆ సున్నలు చూపించే ఆమె తమ్ముడికి మాటిచ్చింది. "ఎడ్లను తోలుకురా. పూచీ నాది." తమ్ముడు, ఇంకో ఆరిళ్ళవాళ్ళు కలిసి ఎడ్లను కొన్నారు. పట్టపగలు, ఆమె ముందు నడుస్తుండగా, చిత్తడి మీద పరిచిన కర్రల బాట మీదుగా దాటించారు. అది జరిగి ఇరవై మూడు రోజులు. మొన్న సాయంత్రం కబురొచ్చింది. ఎడమవైపు కట్టే దాపటెద్దు మేత ముట్టడం లేదని. 

నలభై ఒకటో సీసా తట్టింది. అరచేతిలో ఒక ఈగ పడింది.

చుట్టూ రెల్లు గలగలమంటోంది. నాన్న వంగిన వీపు, ఎండిపోయిన ఎడ్ల డొక్కలు, ఆరిళ్ళ వాళ్ళ మొహాలు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. ఈగ దొర్లి వేళ్ళ సందున ఇరుక్కుంది. పుల్లతో దాన్ని మెల్లగా తిప్పి, కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. నీడ ఈగ వాలితే రెక్కలు కత్తెర మూసినట్టు ఒకదాని మీద ఒకటి పడతాయి. దీనివి విడివిడిగా ఉన్నాయి. పొట్ట పచ్చగా మెరుస్తోంది.

పేడ ఈగ.

పేడ ఈగను చిత్తడిలో ఇంత లోపల ఆమె ఎప్పుడూ చూడలేదు. పేడ ఉంటే కదా! అవతలి గట్టున ఇప్పుడు పేడ ఉంది, అందుకే వచ్చింది. చిత్తడి మధ్యలో ఒక్కతే నిలబడి పెద్దగా నవ్వేసింది. కొంగలు రెండు అదిరిపడి లేచిపోయాయి. "నీకే తెలిసింది ముందు, దొంగముండా" అని ఈగను ఊది వదిలేసింది.

అరవై నాలుగూ అయ్యేసరికి పశువుల డాక్టరమ్మ కర్రల బాట మీద వస్తోంది, మైక్రోస్కోపు పెట్టెను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని. వెనక ఈగలక్క మొగుడు, చేతిలో టీ ఫ్లాస్కు.

"ఏమన్నా పడ్డాయా అక్కా?"

"పడింది. పేడ ఈగ."

డాక్టరమ్మ ఆగిపోయి, అర్థమై, నవ్వింది. కానీ ఆ నవ్వు మొహంలో ఎక్కువసేపు నిలవలేదు. సంచిలో ఏదో కాగితం ఉందని, దాన్ని తీయాలా వద్దా అని తటపటాయిస్తోందని ఈగలక్క గమనించింది. గట్టు వైపు నడిచింది.

అవతలి గట్టు మీద ఊరంతా ఉంది. ఎడ్లు రెండూ రాటకు కట్టేసి ఉన్నాయి. తమ్ముడు రెండు రోజుల్లో చిక్కిపోయాడు. తమ్ముడి భార్య ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదినా, నిన్న రాత్రి కాస్త తిన్నది. పొద్దున మళ్ళీ మూతి తిప్పేసింది."

"కళ్ళ వెంట నీళ్ళున్నాయా?"

"లేవు."

డాక్టరమ్మ ఎడ్ల చెవులను సూదితో గుచ్చి గాజుపలకల మీద చుక్క నెత్తురు తీసింది. మైక్రోస్కోపును ఒక బల్ల మీద పెట్టి అద్దాన్ని ఎండకు తిప్పింది. కుడివైపుది చూసింది. "బాగుంది." తర్వాత దాపటిది. చాలాసేపు చూసింది. పలకను జరిపింది, మళ్ళీ చూసింది. ఈగలక్క చూపు డాక్టరమ్మ మెడ మీదే ఉంది. చెమట బొట్టొకటి జుట్టులోంచి దిగి చొక్కా కాలరు దాకా వచ్చింది. ఆ బొట్టు అంతసేపు ఎలా జారిందో ఆమెకు తర్వాత ఎప్పటికీ గుర్తుండిపోయింది.

"ఏమీ లేదు," అంది డాక్టరమ్మ. తలెత్తి ఇంకోసారి అంది, ఈసారి అందరికీ వినబడేలా. "నెత్తుట్లో ఏమీ లేదు! శుభ్రంగా ఉంది."

"మరి మేత?" అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ ఎద్దు నోరు తెరిపించి వేలు పెట్టి తడిమింది. రెండు దంతాల మధ్య నుంచి ఒక ముల్లు బయటికొచ్చింది. "మీ కొండ గడ్డికి అలవాటు పడలేదు పాపం. ఈసారి ఏరి వెయ్యండి."

ముందు ఎవరు అరిచారో తెలియదు. ఈగలక్క తమ్ముడు నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భార్య అతని నెత్తి మీద ఒకటి మొట్టింది. "లే, ఏడ్చి తడిపితే దుక్కి కాదు."

ఇవతల నుంచి అడిగి తెచ్చిన నాగలి ఉంది, కాడి ఉంది. అవతలి గట్టున దున్నడం తెలిసిన మనిషే లేడు. అందరూ దర్జీ వైపు చూశారు.

"ముప్ఫయ్యేళ్ళయింది నేను మేడి పట్టి," అన్నాడాయన.

"సూది పట్టడం మర్చిపోలేదుగా, ఇదీ అంతే. పద," అంది ఈగలక్క.

ఆయన చెప్పులు విడిచాడు. నాగలి మేడి మీద అరచెయ్యి పెట్టాక ఆ చెయ్యికి అన్నీ గుర్తొచ్చాయి. "హేయ్... ఛల్" అన్నాడు. ఎడ్లు కదిలాయి. కర్రు నేలలోకి దిగిన చప్పుడు గుడ్డ చిరిగినట్టు వినబడింది. కింది మట్టి పైకొచ్చింది. నల్లగా, తడిగా, అప్పుడే నిద్రలేచినట్టు. ఆ మట్టి ఎండను చూడటం అదే మొదలు. పార అంత లోతుకు ఎన్నడూ దిగలేదు. జనం ఆ నాగటి చాలుకు రెండు పక్కలా నడిచారు. కొందరు వంగి పిడికెడు తీసుకుని వాసన చూశారు. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే ఆ తొలి చాలు కొంచెం వంకర పోయింది.

"కుట్టు వంకరగా ఉంది మామా!" అని అరిచింది తమ్ముడి కూతురు.

"విప్పి మళ్ళీ కుడతాలేవే!"

మూడో చాలుకు తమ్ముడు మేడి పట్టాడు. అయిదో చాలుకు అతని భార్య. ఏడో చాలుకు ఈగలక్కను లాక్కొచ్చి నిలబెట్టారు. ఆమెకు మేడి ఎత్తు సరిపోలేదు, మునివేళ్ళ మీద నడిచింది. ఎద్దు పేడ వేసింది. అందులో అడుగేసి, కాలు పక్కకు తీయకుండా ముందుకే పోయింది. నాన్న ఆపిన చోటు ఈ మడిలోనే, ఆ గుట్ట రాయి దగ్గర. నాగలి ఆ రాయి పక్కగా సాగిపోయింది. అప్పుడు మాత్రం ఆమె కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు.

ఆ మడిని ఏడుగురు మనుషులు పారలతో పందొమ్మిది రోజులు తవ్వేవాళ్ళు. పొద్దు పడమటికి వాలకముందే దుక్కి అయిపోయింది. ఏం చెయ్యాలో తెలియక జనం కాసేపు ఊరికే నిలబడ్డారు. మిగిలిన పద్దెనిమిది రోజులు ఒక్కసారిగా ఎదురుగా వచ్చి నిలబడితే ఎవరికైనా అంతే. చివరికి తమ్ముడి కూతురే అంది, "నాన్నా, అయితే ఈ ఏడు నేను మట్టిగడ్డలు కొట్టక్కర్లేదు కదా. బడికి పోతా." తమ్ముడు అక్క వైపు చూశాడు. "పోవే. ఈ ఏడేంటి, ఇంకెప్పుడూ," అంది ఈగలక్క.

తిరుగు దారిలో, కర్రల బాట మొదట్లో డాక్టరమ్మ ఆ కాగితం తీసింది.

"అక్కా, ఇది నిన్ననే వచ్చింది. ఈగలు లేవు కాబట్టి ఈ నెలాఖరుతో ఇక్కడి పోస్టు ఎత్తేస్తున్నారు. బోన్లను ఎగువకు తీసుకెళ్తారట, అక్కడికి వేరే మనుషులు. నేను అడిగాను. ఇంత బాగా చేసినందుకు ఉద్యోగం తీసేయడమేమిటని..." కాగితం ఆమె చేతికిచ్చింది.

ఈగలక్క కాగితాన్ని తిరగేసి, బోర్లేసి చూసింది. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"ఈగే పోయాక ఈగలక్క ఎందుకమ్మా? తీసేశారా? అంటే ఆఫీసు కూడా ఒప్పుకున్నట్టేగా. దీనికి పటం కట్టిస్తా."

"ఏం చేస్తారు మరి?"

"మేడి పట్టడం వచ్చేసిందిగా. ఎత్తు ఒక్కటే తక్కువ. ఈయన మేడిని కోయించి సరిచేస్తాడు. కొత్తవాళ్ళకి ఒక్క మాట చెప్పు. బోను ఎక్కడ పెట్టాలో కాగితాన్ని అడగొద్దని."

నెలాఖరు దాకా ఆగలేదామె. ఇవతలి గట్టున ఉన్న రేకుల గదికి చేరి, పుస్తకంలో ఆనాటి అరవై నాలుగు సున్నలూ మరోసారి సరిచూసుకుని, డాక్టరమ్మ చేతికిచ్చింది. మిగిలిన రోజుల్లో బోన్ల లెక్క రోజూ తెల్లారే వచ్చి తీసుకుంటానంది, కానీ కాపురం మాత్రం ఇవాళే అవతలికి. ఆయన కుట్టు మిషను తలను గోనెలో చుట్టి భుజానికెత్తుకున్నాడు. ఆమె ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుంది. వెలుతురు ఉండగానే ఇద్దరూ కర్రల బాట ఎక్కారు. ఎండ ఎదురుగా పడుతోంది. బాటకు రెండు పక్కలా ఎక్కడా నీడ లేదు.

రేకుల గది తలుపు వెనక, మేకుకు, ఆఫీసు వాళ్ళు పదకొండేళ్ళ కిందట ఆమెకిచ్చిన వానకోటు అక్కడే వేలాడుతోంది. ఎవరో ఆరడుగుల మనిషి కొలతకు కుట్టింది. చేతులు నాలుగేసి మడతలు పైకి మడిచి ఉన్నాయి, ఆ మడతలు అలాగే బిగిసిపోయాయి.