బోల్టు కింద రంగు

బాపట్ల కామేశ్వరరావు గారి బండి మూడోసారి ఆగిపోయిందని కబురొచ్చిన రోజున బర్నబాసు కొట్టు ఎత్తేస్తానన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అన్నాడు.

"ఈ నెలాఖరు దాకానే అన్నా. రేపల్లెలో మా బావమరిది ఐసు ఫ్యాక్టరీలో కాపలా పని చూశాడు. గేటు తీయడానికీ వేయడానికీ ఈ చూపు సరిపోద్దిలే."

రెండువేల అయిదు వేసవి అది. మనిషిని ఓదార్చాలన్నా ఓపిక కావాలి, నాకు ఆ ఎండలో బ్రష్షు ఎత్తే ఓపికే లేదు. యాభై ఎనిమిదేళ్ళకి నడుమూ, ఊపిరితిత్తులూ రెండూ రంగుల్లో కలిపే థిన్నరు వాసనకి అప్పగించేసినవాణ్ణి.

తెనాలిలో మా కొట్లు రెండూ ఇరవై రెండేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాయి. నాది రంగుల పని. మోటారు సైకిలు ఛాసీ, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనప గూడు, దాని మీది తుప్పు గీకి, మళ్ళీ తుప్పెక్కకుండా ఎర్రటి రెడాక్సైడు పూత పట్టించి, నల్లరంగు వేస్తాను. బర్నబాసుది బ్యాటరీలు, వైరింగు. నా దగ్గర విప్పిన బండికి రంగేసి నేనే బిగించి పంపితే, అతను బ్యాటరీ తగిలించి రోడ్డెక్కిస్తాడు.

నా నోరు మంచిది కాదు. ఈ ముక్క నేను ఒప్పుకుంటాను గానీ ఇంకొకరు అంటే ఊరుకోను. ఆరేళ్ళ కిందట అతని స్పానరు జారి నా కొత్త రంగు మీద గీత పడింది. "నేను బిగించిన బోల్టు మీద నీ స్పానరు పడిందంటే మర్యాద దక్కదు" అని వీధంతా వినేలా అరిచాను. ఆ తర్వాత అతను నా బోల్టు ఒక్కటి కూడా ముట్టుకోలేదు. బ్యాటరీ పెట్టె వరకే తన పని చూసుకునేవాడు. బాగా దారికొచ్చాడని నేను సంతోషించాను కూడా.

బాపట్ల, రేపల్లె బళ్ళతో వేగడం మాటలు కాదు. ఉప్పుగాలి. ఎంత రంగేసినా ఏడాది తిరక్కుండా బోల్టుల కిందనుంచి తుప్పు మొదలవుతుంది. పోయినేడు వానలకి ముందు నేనొక పద్ధతి పెట్టాను. ఛాసీకున్న బోల్టులన్నీ పీకేసి, వాటి కిందా, మరల్లోనూ రెండేసి పూతలు వేసి, ఆరాక బిగించడం. చిన్నదీ పెద్దదీ తేడా లేదు. "బోల్టు కింద కూడా రంగు పడేది తెనాలి మొత్తం మీద నా దగ్గరే" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

తర్వాత రెండు నెలలకి మొదలైంది గోల. బర్నబాసు తగిలించిన బ్యాటరీలు ఛార్జింగు ఎక్కడం లేదు. కొట్టు దగ్గర అన్నీ బాగుంటాయి, నెల తిరిగేసరికి బండి నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. ఒకటి కాదు, ఆరు బళ్ళు. అందులో కామేశ్వరరావు గారిదొకటి. ఆయన బాపట్లలో వ్యవసాయ కాలేజీ ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఆయన నోట్లో పడితే ఊరంతటికీ టముకు వేసినట్టే. బర్నబాసు పని పాడైపోయిందని బాపట్ల నుంచి రేపల్లె దాకా పాకిపోయింది.

అందరూ వచ్చి నన్నే అడిగేవాళ్ళు, ఏంటండీ మీ పక్కాయన ఇలా తయారయ్యాడని. "చూపు తగ్గిందండీ పాపం" అనేవాణ్ణి. ఒకసారి కాదు, ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. జాలిపడినట్టూ ఉంటుంది, మాట మన మీదికి రాకుండానూ ఉంటుంది.

బర్నబాసు కూడా అదే నమ్మాడు. కొత్త కళ్ళజోడు చేయించుకున్నాడు. అదీ చాలక భార్య సారాని కొట్లో కూర్చోబెట్టి బ్యాటరీ కొలిచే మీటరు ముల్లు ఎక్కడుందో ఆమె చేత చదివించేవాడు. అతను చూసిందీ, ఆమె చెప్పిందీ ఒకటే. అయినా అతనికి నమ్మకం కుదిరేది కాదు. పాతికేళ్ళు వైర్లని వేలితో తడిమి జబ్బు చెప్పినవాడు, చివరికి ఎర్రవైరేదో నల్లవైరేదో కూడా ఆమెని అడిగేవాడు.

కామేశ్వరరావు గారి కబురొచ్చిన నాలుగు రోజులకి నేను రేపల్లె బయల్దేరాను, అక్కడొకరి బండికి రంగు అతుకులు వేయాలి. నా బండీ పాతదే, బ్యాటరీ లేకపోతే ఇంజను రాజుకోని రకం. దానికీ ఆ మధ్యే నా కొత్త పద్ధతిలో రంగేసుకున్నాను. భట్టిప్రోలు దాటాక అది రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అర మైలు తోసుకుంటూ వెళ్ళాక రోడ్డు పక్కన తాటాకుల కింద పంక్చరు కొట్టు కనిపించింది. కొట్టు నడిపేది ధనమ్మ అనే ఆవిడ.

"ఏంటి బాబాయ్, బండి నిన్ను మొయ్యాలా, నువ్వు బండిని మొయ్యాలా?" అంది.

"బ్యాటరీ పోయిందమ్మా. మా పక్కనే ఉంటాడులే బిగించినోడు, చూపు లేదు," అన్నాను. అలవాటైపోయిన మాట, దానంతటదే వచ్చేసింది.

ఆవిడ సీటు లేపి, చిన్న బల్బు ఆనించి అటూ ఇటూ చూసింది. తర్వాత నన్ను అడగనైనా అడక్కుండా స్పానరేసి, బ్యాటరీనుంచి ఛాసీకి వచ్చే వైరు బోల్టు విప్పేసింది. నా ప్రాణం చివుక్కుమంది. బోల్టు కింద నా నల్లరంగు నిగనిగలాడుతోంది.

"బ్యాటరీ తప్పేం లేదు బాబాయ్. ఇది ఎర్తు బోల్టు. ఇనుముకి ఇనుము ఆనితేనే ఇక్కడ కరెంటు తిరుగుద్ది. మధ్యన రంగుంటే ఎట్టా తిరుగుద్ది? కొత్తలో బిగువుకి కాస్త పట్టుకుంటది, గతుకుల్లో అదీ వదిలేసుద్ది."

ఆవిడ స్క్రూడ్రైవరుతో ఆ రంగంతా గీకేసి, బోల్టు బిగించి హారను నొక్కింది. గయ్యిమంది. బండి అవతలికి నెట్టి ఒక్క తన్ను తన్నితే ఇంజను కూడా అందుకుంది.

"ఎవుడోగానీ మంచి పనోడే. అద్దంలాగా ఏశాడు. ఇంత శ్రద్ధగా బండి చెడగొట్టినోణ్ణి నేను చూళ్ళేదు. ఎవరు బాబాయ్?"

"తెనాల్లో ఎవడో," అన్నాను.

రేపల్లె వెళ్ళలేదు. వెనక్కి తిరిగాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, వేమూరు వచ్చేదాకా నోరు మూసుకుందామనే నా ఆలోచన. ఇకమీదట ఎర్తు బోల్టు కింద రంగు వేయను, అంతే. నెలాఖరుకి బర్నబాసు ఎలాగూ వెళ్ళిపోతాడు. ఈ వయసులో ఆరుగురి ముందు తల దించుకోవడం నా వల్ల కాదు. అలసిపోయినవాడికి అబద్ధం నీడలా హాయిగా ఉంటుంది.

తెనాలిలో బండి దిగేసరికి సారా మీటరు చూసి అంకె చెబుతోంది. "సరిగ్గా చూశావా?" అన్నాడు బర్నబాసు. "చూశానండీ," అందామె. "ఇంకోసారి చూడు." ఆమె మళ్ళీ చూసింది. విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నేను నా కొట్లోకి వెళ్ళిపోయేవాణ్ణేమో.

అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. సారా మీటరు కింద పెట్టేసింది. బర్నబాసు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కామేశ్వరరావు గారి బండికీ ఇదేనా?"

"ఆరింటికీ ఇదే."

"నాకు చెప్పావు, సరే. ఆయనకెవరు చెప్తారు?"

మర్నాడు ఇద్దరం పాసింజరు రైలెక్కి బాపట్ల వెళ్ళాం. కాలేజీ ఆఫీసు పక్క రేకుల షెడ్డులో ఆ బండి పడుంది. కామేశ్వరరావు గారు కండువా సర్దుకుంటూ వచ్చారు. తప్పు నాది, బర్నబాసుది కాదు అన్నాను. ఆయన నవ్వి నా భుజం మీద చెయ్యేశారు.

"స్నేహితుడి పరువు కోసం తప్పు నెత్తిన వేసుకుంటున్నారా? మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారండీ. పోనీలెండి, ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు, నేనేం మనసులో పెట్టుకోను."

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో ఒక్కసారి నిజం చెబుదామని వస్తే నన్ను పుణ్యాత్ముణ్ణి చేసి కూర్చోబెట్టాడు. స్క్రూడ్రైవరు తీసి బర్నబాసుకి ఇవ్వబోయాను.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నువ్వే గీకన్నా. రంగు నీది."

బోల్టు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని గీకాను. రెండు పూతలు. బాగా పట్టింది దరిద్రం, ఒక పట్టాన వదల్లేదు. ఇనుము తెల్లగా బయటపడ్డాక బిగించి హారను నొక్కితే ఆఫీసు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కామేశ్వరరావు గారు నవ్వడం మానేశారు. కానీ ఆయన నా వైపు తిరగలేదు, బర్నబాసు వైపు తిరిగారు.

"మరి రెండుసార్లు చూశారు కదండీ, ఈ ఒక్క బోల్టూ విప్పి చూడలేదేంటి?"

బర్నబాసు దగ్గర జవాబుంది. నన్ను చూపిస్తే చాలు. "విప్పాల్సిందండి," అన్నాడంతే.

"విప్పితే మర్యాద దక్కదని వీధిలో అరిచింది నేనండి," అన్నాను. "అతని చూపు పోయిందని మీకు చెప్పిందీ నేనే. అతని కళ్ళకి ఏమీ కాలేదు."

కామేశ్వరరావు గారు నన్ను ఎగాదిగా చూసి, కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. కూర్చోమని కూడా అనలేదు. అది నాకు న్యాయంగానే తోచింది.

తిరుగు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నిడుబ్రోలు దాటింది. చివరికి నేనే, "రేపల్లె వెళ్ళవుగా ఇక?" అన్నాను.

"వెళ్ళను."

కాసేపటికి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "రోజూ కొట్టు తెరిచాక ప్రార్థన చేసుకునేవాణ్ణన్నా. ప్రభువా, చూపు తీసుకున్నావు, ఈ పని మీద ఆశ కూడా తీసేసుకో అని. అప్పుడే నువ్వు పక్కన ఎవరితోనో, పాపం చూపు పోయిందండీ అనేవాడివి. నా ప్రార్థనకి నువ్వు ఆమెన్ అంటున్నట్టుండేది."

"నీకు వినపడేదా?"

"పోయాయనుకున్నది కళ్ళే కదన్నా."

"తప్పయిపోయింది బర్నబాసూ," అన్నాను. ఇరవై రెండేళ్ళలో నా నోట ఆ మాట రావడం అదే మొదలు. పర్వాలేదులే అంటాడని చూశాను. అతను అనలేదు.

"ఇంకా అయిదు బళ్ళున్నాయి," అన్నాడు. "రేపు పొద్దున్నే బయల్దేరదాం."