ఐదో స్విచ్చి

నా భార్య లక్ష్మీనర్సమ్మ జంపఖానాను నా తమ్ముడి భార్య సరోజన దొంగిలించింది. ఇందులో వాదనకు ఏమీ లేదు. లక్ష్మీనర్సమ్మ చనిపోయిన రోజు పొద్దున అది మంచం మీద ఉంది. దినం నాడు చూస్తే లేదు. ఆ మధ్యలో నా ఇంట్లో మూల మూలా తిరిగింది సరోజన ఒక్కతే. దినం భోజనాలకు వచ్చినవాళ్లందరి ముందు ఆ మాట అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. జవాబు చెప్పలేదు. దొంగలు జవాబు చెప్పరు.

ఆ జంపఖానా నేను నేసింది. నీలం మీద ఎర్ర అంచు. కొత్తవాడలో నా మగ్గం మీద నుంచి దిగిన చివరిది. దాన్ని అమ్మలేదు, ఆమెకు ఇచ్చాను. ఆమెకు నేను ఇచ్చినవి వేరే పెద్దగా ఏమీ లేవు. కాబట్టి అది పోవడం చిన్న సంగతి కాదు.

నేనూ తమ్ముడు సదానందమూ ఒకే ఇంటికి నడుమ గోడ పెట్టి పంచుకున్నాం. గదులు పంచుకున్నాం, వాకిలి పంచుకున్నాం. కరెంటు వైర్లు పంచుకోవాలని ఎవరికీ తోచలేదు. దాంతో వాళ్ల వంటింట్లో ఒక కరెంటు బుగ్గకు స్విచ్చి మా వంటింటి బోర్డు మీదే ఉండిపోయింది. పొద్దుగూకగానే లక్ష్మీనర్సమ్మ రెండు స్విచ్చిలూ ఒకేసారి నొక్కేది. ఇక్కడ వెలుగు, అక్కడ వెలుగు.

దినాల తర్వాత నేను స్టూలెక్కి ఆ వైరు కోసేశాను. దొంగకు నా మీటరు మీద వెలుగు ఎందుకు? వాళ్లు ట్యూబులైటు పెట్టుకున్నారు. పాత బుగ్గ వాళ్ల కప్పుకు అలాగే వేలాడింది.

ఏళ్లు గడిచాయి. ఈ ఎండాకాలం నేను సోలార్ పెట్టించాను. గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. పోతే రెండిళ్లలోనూ ఒకే చీకటి. దొంగకూ నాకూ ఒకే చీకటి ఉండడం నాకు నచ్చలేదు. వాళ్లు చీకట్లో విసనకర్రలు ఊపుకుంటూ కూర్చోవాలి. నా వరండా వెలుగు వాళ్ల మొహాల మీద పడాలి. సోలార్ వల్ల ఇంకా చాలా లాభాలున్నాయని కంపెనీవాళ్లు చెప్పారు. నాకు ఈ ఒక్కటి చాలు.

బిగించడానికి వచ్చినవాడు ఉమాకాంత్. రఘునాథపల్లి పిల్లగాడు. మాట ఎక్కువ. డాబా మీద ప్యానెళ్లు, వంటింటి పక్క గోడకు ఇన్వర్టరు, దాని కింద బ్యాటరీ. పగలు ఎండతో నిండుతుంది, కరెంటు పోతే దానంతట అదే అందుకుంటుంది.

"కాకా, బ్యాటరీ మీద ఇల్లంత నడువది. ఏ పాయింట్లు కావాల్నో నువ్వే చెప్పాలె. ఫ్రిజ్జు పెడ్దామా?"

"వద్దు."

"మోటరు?"

"వద్దు. ఒక ఫ్యాను, లోపలి బుగ్గలు. వరండాల మాత్రం పెద్ద బుగ్గ పెట్టు. అటు దిక్కు మొహం పెట్టి."

"అటు మీ తమ్ముడోళ్ల వాకిలి గదా?"

"నిన్ను సోలార్ బిగించుమన్న. చుట్టరికం అడుగుమన్ననా?"

వాడు నవ్వుకుంటూ నిచ్చెన ఎక్కాడు. పైన ఇంకో పంచాయితీ. సాయంత్రమైతే సదానందం నీళ్ల ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మూలకు తగులుతోంది. ఒక్క మూలకు నీడ పడినా వరుస మొత్తం మందగిస్తుందట. ఆ ట్యాంకును తమ్ముడు సోలార్ అనే మాట మా వాడకు రాకముందే పెట్టాడు. అయినా కావాలనే పెట్టాడు. ప్యానెళ్లు జరిపించేదాకా నేను డాబా దిగలేదు.

ఆ తర్వాత కూడా నేను పైన నీడ చూసుకుంటూ ఉంటే, కింద ఉమాకాంత్ పాత బోర్డు తీసి కొత్తది బిగించాడు. దిగి వస్తే స్విచ్చిలు ఐదు ఉన్నాయి. నేను చెప్పిన పాయింట్లు నాలుగు.

"ఐదోది దేనిదిరా?"

"తెల్వది కాకా. పైన ఒక వైరు తెగి ఉన్నది. ఊకె ఎందుకని జాయింటు చేసిన. ఎటు పోయిందో కనవడ్తలేదు."

అలసిపోయి ఉన్నాను. పట్టించుకోలేదు.

రెండు రోజులకు దుమారం లేచింది. పొద్దుగూకే వేళకు వాడంతా కరెంటు పోయింది. నేను అన్ని స్విచ్చిలూ వేసి, వరండాలో కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. అవతలి వాకిలి తెల్లగా వెలిగింది. సదానందం చేయి అడ్డం పెట్టుకుని కళ్లు చికిలించాడు. ఆ ఖర్చు అప్పుడే గిట్టుబాటు అయింది.

అంతలో వాళ్ల వంటింట్లోంచి కేక.

"ఏమయ్యో! ఇటు రా! అక్క బుగ్గ వెలుగుతాంది!"

"కరెంటు రాలే గదనే."

"అదే అంటాన్న! వాడంత చీకటి. ఇదొక్కటే వెలుగుతాంది!"

లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను. ఐదో స్విచ్చి ఆర్పాను.

"పోయింది!" అంది గోడ అవతల సరోజన. రెండు వంటిళ్లకూ నడుమ గోడలో, పైన గాలి కోసం వదిలిన సందు ఉంది. మాట స్పష్టంగా వినిపిస్తుంది.

స్విచ్చి వేశాను.

"మల్ల వచ్చింది!" ఆమె గొంతు తగ్గింది. "అక్కా... నువ్వేనా?"

అక్కడ ఆగిపోతే మర్యాదగా ఉండేది. నేను ఒకసారి ఆర్పి వెలిగించాను.

"ఫ్యూజు గిట్ల ఏమన్న అయ్యిందేమో..." అన్నాడు సదానందం.

"నోర్ముయ్. అక్క వచ్చింది."

పొద్దున ఉమాకాంత్‌కు ఫోన్ చేశాను. వాడు అంతా విని, "అయ్యో, ఆ వైరు వాళ్లింట్లకు పోతాందా? వచ్చి తీసేస్త కాకా. పాత బుగ్గ, బ్యాటరీని ఊకె తింటది" అన్నాడు.

"తింటే తిననీ. నువ్వు రాకు."

నాకు కావలసింది జంపఖానా. నేను అడిగితే సరోజన ఇవ్వదు. చనిపోయినామె అడిగితే ఇవ్వక తప్పదు. సరోజన కరెంటు గురించి అంతగా తెలిసిన మనిషి కాదు. అలాగని నేను అనుకున్నాను.

అప్పటి నుంచి కరెంటు పోయిన ప్రతి సాయంత్రం ఆమె ఆ బుగ్గ కింద పీట వేసుకుని కూర్చునేది. వెలిగితే అవును, ఆరితే కాదు. ఈ పద్ధతి కూడా ఆమే పెట్టింది.

"సల్లగున్నవా అక్కా?"

వెలిగించాను.

"ఆకలైతాందా?"

నిజం చెప్పాలంటే నాకు ఆకలిగానే ఉంది. పొద్దటి అన్నం, కారప్పొడి తప్ప ఇంట్లో ఏమీ లేదు. వెలిగించాను.

కాసేపటికి నడుమ గోడ మీద గిన్నె చప్పుడు. "నీ పేరు మీద పెట్టిన. తిను అక్కా" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. పిల్లి వచ్చేలోపు నేను వెళ్లాను. సర్వపిండి. అంచులు కరకర, నడుమ మెత్తన, నువ్వులు నిండుగా. దొంగ చేసినా సర్వపిండి సర్వపిండే. తిని గిన్నె మళ్లీ గోడ మీద పెట్టాను.

మరుసటిసారి పచ్చిపులుసు. ఉప్పు తక్కువ. "మంచిగున్నదా అక్కా?" అంటే ఆర్పాను. ఆ తర్వాత ఉప్పు సరిపోయింది. చింతచిగురు వేసి మాంసం వండిన రోజు ఆమె అడగకముందే రెండుసార్లు వెలిగించాను.

ఇక్కడితో ఆగలేదు. ఒకనాడు ఆమె మొర పెట్టుకుంది. "అక్కా, ఈయన బీడీలు మానుతలేడు. దగ్గు వింటాన్నవు గదా. మానాల్నా వద్దా? నువ్వే చెప్పు."

వెలిగించాను. ఎంతసేపు వెలిగించానంటే, సదానందం బీడీకట్ట మురుగు మోరీలో పారేసిన చప్పుడు వినిపించేదాకా.

"వదినెకు నా బీడీలతోటి ఏం పని?" అని గొణిగాడు వాడు.

"బతికున్నప్పుడు ఊకుంది. ఇప్పుడు ఊకోదు" అంది సరోజన.

కరెంటు ఎప్పుడు పోతుందా అని వాడలో ఎదురుచూసేది నేనొక్కణ్నే. పోకపోతే కారప్పొడే.

కానీ జంపఖానా సంగతి మాత్రం ముందుకు కదలలేదు. వెలగడం, ఆరడం తప్ప బుగ్గకు మాట రాదు. అడగవలసింది ఆమే. చివరికి ఒక సాయంత్రం ఆ దారికి వచ్చింది.

"అక్కా, నీది ఏమన్న నా దగ్గర ఉండిపోయిందా?"

స్విచ్చి విరిగేటట్టు వేశాను, తీశాను, వేశాను.

"అవునా! జల్లెడనా?"

ఆర్పాను.

"ఇత్తడి చెంబా?"

ఆర్పాను. ఆ చెంబు కూడా నాదేనని నాకు అప్పుడే తెలిసింది.

"మరేంది? బట్టనా?"

వెలిగించాను.

"చీరెనా?"

ఆర్పాను. ఇంకొక్క మాట. ఇంకొక్కటి అడిగితే చాలు. అప్పుడే కరెంటు వచ్చింది. అవతల ట్యూబులైటు టక్కుమని వెలిగింది, సీరియల్ మొదలైంది, ఆమె పీట తీసేసింది. కరెంటు అవసరం లేనప్పుడే వస్తుంది.

మరునాడు దుమారం లేచింది. నేను బోర్డు దగ్గర తయారుగా నిలబడ్డాను. ఆమె ఏమీ అడగలేదు. గోడ మీద గిన్నె పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మూత తీశాను. వంకాయ. నూనెలో మగ్గిన లేత వంకాయలు, పల్లీల పొడి కూరినవి. నా పెళ్లయిన నాటి నుంచి మా ఇంట్లో వంకాయ వండలేదు. ఎందుకు వండలేదో అప్పుడు గుర్తు చేసుకోలేదు. గోడ పక్కనే నిలబడి తిన్నాను. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాను.

ఆ తర్వాతి సాయంత్రం మళ్లీ కరెంటు పోయింది. పీట చప్పుడు. బుగ్గ వెలిగించాను.

"అక్కా, నిన్నటి కూర మంచిగుండెనా?"

వెలిగే ఉంది. ఒకసారి ఆర్పి మళ్లీ వెలిగించాను, ఇంకా గట్టిగా చెప్పినట్టు.

అవతల నవ్వు. మొదట ఆమెది, వెంటనే వాడిది. వాడికి నవ్వుతో పాటు దగ్గు.

"బావా," అంది సరోజన, సందు కిందికి వచ్చి. "వంకాయ తింటే అక్కకు ఒళ్లంత దద్దుర్లు లేస్తుండె. ముట్టకపోతుండె. నువ్వు గిన్నె కడిగినట్టు నాకి పెట్టినవ్."

నేను మూతి తుడుచుకున్నాను.

"గా వైరు మీ ఇంట్లకెల్లి వస్తదని నాకు తెల్వదా? అక్క రోజూ స్విచ్చి వేస్తుంటే ఈ బుగ్గ కింద కూసొని నేనే గదా వండింది. నువ్వు కోసిన నాడు కూడ తెలుసు."

"మరి ఎందుకు పెట్టినవ్?" అన్నాను. ఆ ఇంటితో దినం తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అది. నాకే నా గొంతు కొత్తగా ఉంది.

"సేతికి ఇస్తే తింటుంటివా?"

తినేవాణ్ని కాదు. అది ఆమెకు చెప్పే అవసరం లేదు. నేను అసలు సంగతికి వచ్చాను.

"జంపఖానా ఏది?"

నవ్వు ఆగిపోయింది. సదానందం "చెప్పవే" అన్నాడు మెల్లగా.

"ఇన్నేండ్లకు అడిగినవు," అంది సరోజన. "ఆ నాడు అడుగుతే ఆ నాడే చెప్తుంటి. అడగలే. దొంగ అన్నవు. దొంగంటే నేనేం చెప్పాలె?" పీట జరిపిన చప్పుడు. "దవాఖానల అక్క నాతోని అన్నది. నేల సల్లగుంటది సరోజనా, నా కింద ఆయన నేసింది పరువుండ్రి అని. పాడె మీద గడ్డి, గడ్డి మీద జంపఖానా, దాని మీద అక్క. అది అక్కతోనే పోయింది బావా."

"నేను చూడలే."

"ఎట్ల చూస్తవ్? నిప్పుకుండ పట్టుకొని ముందల నడిచినవ్."

మాకు పిల్లలు లేరు. కుండ నేనే పట్టాను. కుండ పట్టినవాడు వెనక్కి చూడకూడదు. చూడలేదు. కట్టెలు పేర్చినాక మొహం పక్కకు తిప్పి నిప్పు పెట్టాలి. అలాగే పెట్టాను. అన్నీ పద్ధతి ప్రకారం చేశాను.

నా వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది. అవతల బుగ్గ వెలుగుతూనే ఉంది.

సదానందం గొంతు సవరించుకున్నాడు. "అన్నా... అయితే నేను బీడీ తాగొచ్చునా ఇగ?"

బుగ్గ ఆర్పేశాను.

"వద్దంటాండు," అంది సరోజన చీకట్లోంచి.

పొద్దున చౌరస్తాకు వెళ్లి ఒక ఎల్‌ఈడీ బుగ్గ తెచ్చి, గిన్నెలు పెట్టే చోట గోడ మీద పెట్టాను. పాత బుగ్గ బ్యాటరీని తింటుందని ఉమాకాంత్ ఎప్పుడో చెప్పాడు. అంతకు మించి అందులో ఏమీ లేదు. మధ్యాహ్నానికి అది గోడ మీద లేదు. సాయంత్రం వాళ్ల వంటిల్లు తెల్లగా కనిపించింది. ఇప్పుడు కరెంటు ఉన్నా పోయినా గోడ మీద గిన్నె ఉంటుంది. ఇత్తడి చెంబు మాత్రం ఇంకా రాలేదు.

పొద్దుగూకగానే రెండు స్విచ్చిలూ ఒకేసారి నొక్కుతున్నాను. విడివిడిగా నొక్కడానికి బద్ధకం.

దినం నాడు నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకొమ్మని ఆమె అడగలేదు. జంపఖానా సంగతి నేను ఇక ఎప్పుడూ ఎత్తను. సదానందం ఎత్తినా, ఉమాకాంత్ ఎత్తినా, ఎవరు ఎత్తినా పలకను.