నీడన ఆరిన ఆకు

ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ మీద ఎనిమిది అని రాసింది. రక్తం పది దాటితేగాని మా ఆవిడకు గర్భసంచి ఆపరేషన్ చేయరు. అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు.

"నెలన్నర టైమిస్తున్నాం బాబాయ్. మాత్రలు మానకూడదు. వాటితోపాటు మునగాకు పెట్టు. పెరట్లో చెట్టుందన్నావుగా."

ఉంది. మూడేళ్ళ కిందట బారెడు కొమ్మ పాతాను. ఇటుకబట్టీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న నీళ్ళే దానికి పోసేవాణ్ణి. ఇప్పుడది ఇంటి రేకులు దాటిపోయి, మొదటిసారి పూతకొచ్చింది.

చేతికందిన ఆకంతా దూశాను. రోజూ దూసి వండే ఓపిక ఇద్దరికీ లేదు. పొడి కొట్టి పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పచ్చి ఇటుక ఆరబెట్టేవాడికి తెలిసిన విద్య ఎండ ఒక్కటే. ఆకును మూడు రోజులు రేకుల మీద పరిచాను. డబ్బాకు సగం పొడి వచ్చింది. పది రోజులు తినిపించాక, మాత్రలకు వెళ్ళినప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళాను.

నర్సమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఎండలో వేశావా?"

"మంచి ఎండలోనే వేశానమ్మా."

"సత్తువంతా ఎండకే తినిపించావు. ఆకు నీడన ఆరాలి బాబాయ్. పొడి పచ్చగా ఉండాలి."

ఇంటికొచ్చి చూస్తే చెట్టు కింద కొమ్మల్లో ఇక ఆకు లేదు. ఉన్నదంతా చిటారుకొమ్మన, పూతతో కలిసి ఉంది. పక్కింటి తాపీమేస్త్రి గోడ మీంచి చూస్తున్నాడు.

"ఎక్కు బావా."

"నన్నే మునగచెట్టు ఎక్కిస్తున్నావా?"

"ఎక్కితే మంచిదేగా. కొమ్మ విరిగిందనుకో, మా చెల్లికీ నీకూ ఒకే ఆసుపత్రి." తర్వాత నవ్వు మానేశాడు. "నడుమెత్తున కోసెయ్ బావా. ఉన్న ఆకు ఇప్పుడు దొరుకుతుంది. మళ్ళీ చిగురేస్తే చేతికందుతుంది. కాయా కావాలి, ఆకూ కావాలంటే ఎలా?"

మా ఆవిడ గడపలో కూర్చుని వింటోంది.

"పూత మీదున్నదాన్ని కోస్తావా? మూడేళ్ళు ఎదురుచూశాం. ఉండనీ..."

ఆ నాలుగు మాటలకే మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది. నేను రంపం తెచ్చాను. మెత్తని చెట్టు, ఎంతోసేపు పట్టలేదు. పూత నేలంతా రాలింది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మాకున్నది ఒక్కటే గది. ఆకు కడిగి, మంచం మీదా కిందా పాత చీరలు పరిచి ఆరబోశాను. కిటికీలు తెరిచి, తలుపు ఓరగా వేశాను. ఐదు రోజులు వరండాలోనే పడుకున్నాం. బట్టీ నుంచి వచ్చి నడుం వాల్చేముందు ఆకు తిరగేసేవాణ్ణి. కొన్నిసార్లు తిరగేస్తూనే కునికేవాణ్ణి. ఈసారి పొడి పచ్చగా వచ్చింది. మా ఆవిడ పూటకో చెంచా అన్నంలో కలుపుకుని, నాతో మాట్లాడకుండానే తినేది.

నెలన్నర గడువుకు మళ్ళీ వెళ్ళాం. నర్సమ్మ చీటీ రెండుసార్లు చూసింది.

"పది మీద ఒక పాయింటు. గురువారం వచ్చి చేరండి."

మా ఆవిడ బల్ల మీద కూలబడింది. "ఇక ఈ ఆకు మానెయ్యొచ్చా తల్లీ?"

"భలేదానివి పిన్నీ. ఆపరేషన్ అయ్యాకే ఇంకా తినాలి."

ఆవిడ నావైపు తిరిగింది. "నన్ను పెళ్ళి చేసుకున్నావా, మేకను తోలుకొచ్చావా?"

బస్సుకు ఇంకా గంట ఉంది. ఇద్దరం అక్కడే గోడకానుకుని కళ్ళు మూసుకున్నాం.